సైగ కూడా మాటే

పెళ్ళంటే మాట ఇచ్చి పుచ్చుకోవడమని మనవాళ్ళంటారు. మరి మాట రాని పిల్ల ఏమిచ్చి పుచ్చుకుంటుంది? చూపులేని పెళ్ళికొడుకు అరుంధతిని ఎట్లా చూస్తాడు?

అరుంధతి సంగతి తేలిక. మిట్టమధ్యాహ్నం ముహూర్తానికి పందిరి బయట నిలబడి, ఆకాశంలోకి చూసి తలూపిన మనకందరికీ ఏపాటి కనిపించిందో మనకే తెలుసు! చట్టం మాటకొస్తే, 1955 నాటి హిందూ వివాహ చట్టం పెట్టిన షరతుల్లో కన్నూ, చెవీ, నోరూ ప్రస్తావనే లేదు. సప్తపది ఆచారమున్నచోట ఏడో అడుగు పడగానే పెళ్ళి పూర్తయినట్టే. అడుగు వేయడానికి చెవులతో పనేముంది?

పూర్వం ఇంత సులువు కాదు. పుట్టుగుడ్డికీ, చెవిటికీ, మూగకీ తండ్రి ఆస్తిలో వాటా లేదంది మనుస్మృతి. అయినా పెళ్ళి వద్దనలేదు. వాళ్ళ బిడ్డలకు వాటా ఇమ్మంది. 1928లో వచ్చిన చట్టం ఈ అడ్డు చాలావరకూ తీసింది. 1956 నాటి వారసత్వ చట్టం మిగిలిందీ తుడిచేసింది.

యూదులకూ ఈ చిక్కు వచ్చింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు గనుక వాళ్ళు మనకు బొత్తిగా కొత్తవారేం కాదు. సుమారు 1,800 ఏళ్ళ నాటి వారి ధర్మగ్రంథం మిష్నా ప్రకారం, వినికిడీ మాటా రెండూ లేనివాడు సైగతో పెళ్ళాడవచ్చు, సైగతోనే విడాకులివ్వవచ్చు. రెంటిలో ఒకటున్నా అందరిలాంటి వాడే. చూపులేనివాడి పెళ్ళికి అడ్డే లేదు. కాని రెండూ లేనివాణ్ణి పసివాడితోనూ, మతిలేనివాడితోనూ జతకట్టారు. అందుచేత అతని పెళ్ళి మూలధర్మం చొప్పున కాక, పెద్దలు దయతలచి ఏర్పరచిన కట్టుబాటు వల్లనే చెల్లింది. పెళ్ళినాటికి బాగుండి తరవాత ఆ స్థితికి వచ్చిన భర్త మాత్రం, మిష్నా లెక్కన, ఎన్నటికీ విడాకులివ్వలేడు. ఆ ఇల్లాలి గతి ఆలోచించండి! 19వ శతాబ్దంలో ఐరోపాలో బధిర పాఠశాలలు పెరిగి, పిల్లలు చదవడం రాయడం నేర్చాక, వీళ్ళను ఇంకా ఆ జాబితాలోనే ఉంచవచ్చునా అని రబ్బీలు వాదించుకున్నారు.

శాస్త్రం ఎంత మారినా ఇంట్లో మనం మారామా? మా బాలాపూర్‌లో పక్కింటి పెద్దమ్మ మనమరాలికి పుట్టుకతో వినికిడి లేదు. చక్కగా చదువుకున్న పిల్ల. సంబంధం కుదిరిందంటే, "పిల్లని అడిగారా పెద్దమ్మా?" అన్నాను.

"దాన్ని అడిగేదేముంది బిడ్డా, వాళ్ళ నాయిన ఒప్పుకున్నడు గద!" అంది.

నేనే కాగితం, కలం తెచ్చి పిల్ల ముందుంచాను. రెండు ప్రశ్నలు రాసింది: "అతను సైగలు నేర్చుకుంటాడా? నాకు వినపడదని వాళ్ళకు చెప్పారా?" చదివి వినిపిస్తే పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళకు చెప్పలేదు మరి!

ఆ రెండో ప్రశ్న చిన్నది కాదు. 1976 సవరణ తరవాత, ముఖ్యమైన సంగతి దాచి మోసంతో ఒప్పించారని రుజువైతే పెళ్ళి రద్దు చేయించవచ్చు. మోసం బయటపడిన ఏడాదిలోగా కోర్టుకు వెళ్ళాలి. దాచినది పెద్దలు, అనుభవించేది పిల్ల.

రిజిస్టరు పెళ్ళి తలపెట్టినవారికి మరొక మాట. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద వధూవరులు అధికారి ఎదుట, ముగ్గురు సాక్షుల ముందు, తమకు తెలిసిన భాషలో ఒకరినొకరు స్వీకరిస్తున్నట్టు చెప్పాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం భావం తెలిపే సాధనాల్లో సైగలనూ, బ్రెయిలునూ చేర్చింది. కాబట్టి సంకేత భాష తెలిసిన మనిషి కావాలని అధికారిని ముందే అడగండి.

అన్నిటికన్నా ముందు పిల్లని అడగండి. నోరున్న పిల్లలను కూడా మనలో ఎంతమంది అడుగుతున్నామంటారా? అయితే ఇంకేం, ఇద్దరినీ అడగండి!