ల్యాబ్‌లో అందరికీ ఒకే లాగిన్ ఎందుకు?



మా హాస్టల్ ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ ఉబుంటువే. అందరం ‘స్టూడెంట్’ అనే ఒక్క లాగిన్‌తోనే ఎక్కుతాం. చూపు తక్కువున్న చెల్లె ఒకామె అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుకుంటది. ఆమె లేవగానే తర్వాత కూర్చున్నోళ్లు చిన్నవి చేస్తరు. మర్నాడు ఆమె మళ్లీ మొదట్నుంచి. ఇందులో పిల్లల తప్పు లేదు, ఆ ఒక్క లాగిన్‌దే తప్పు అని మా అభిప్రాయం.

లాగిన్ అవ్వగానే డెస్క్‌టాప్ మన హోమ్ ఫోల్డర్‌లోకి తొంగి చూస్తది. ఉబుంటులో ఉండే గ్నోమ్ అయితే అక్షరాల సైజు డీకాన్ఫ్ ఫైల్‌లో, తెర రిజల్యూషన్ ‘మానిటర్స్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్’లో రాసి పెట్టుకుంటది. రెండూ ‘డాట్ కాన్ఫిగ్’ అనే దాచిన ఫోల్డర్‌లోనే ఉంటయి (కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే కనబడతది). మానిటర్ కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్ కూడా అందులో ఉంటయి. అందుకే వేరే మానిటర్ తగిలిస్తే పాత సెట్టింగ్ రాదు. పాడైందని కంగారు పడొద్దు.

కొందరు తమ్ముళ్లు నెట్‌లో చూసి ‘ఎక్స్‌ఇనిట్ఆర్‌సీ’లో కమాండ్లు రాసి, పనిచేయలేదని తల పట్టుకున్నరు. అది స్టార్ట్‌ఎక్స్ అని టైపు చేసి మొదలుపెట్టేవాళ్ల ఫైల్. పాస్‌వర్డ్ అడిగే తెర నుంచి ఎక్స్ సెషన్‌లోకి పోయేవాళ్లకు ‘ఎక్స్‌ప్రొఫైల్’ కావాలి. వేలాండ్ సెషన్‌లో అయితే ఎక్స్‌రాండర్‌తో రిజల్యూషన్ మార్చుడు కుదరదు, సెట్టింగ్స్‌లోనే మార్చుకోవాలె.

మాకు ఎక్కువ బాధ అనిపించింది ఫాంట్ సంగతి. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. ఫాంట్ లేని మిషన్‌లో మన అక్షరాలు ఖాళీ డబ్బాలే. నోటో ఫాంట్‌ను హోమ్‌లోని ‘డాట్ లోకల్, షేర్, ఫాంట్స్’లో వేస్తే చాలు, అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. వేసుకున్నాం. సెలవుల నుంచి వచ్చేసరికి ఎవరో హోమ్ మొత్తం తుడిచేశారు. మళ్లీ డబ్బాలు.

సార్‌ని అడిగితే “ఇన్ని లాగిన్లు ఎవరు చూసుకుంటరు?” అన్నరు. అదీ నిజమే. పైగా హోమ్ ఆ మిషన్‌లోనే ఉంటది, సీటు మారితే సెట్టింగ్‌లు వెంట రావు. కాబట్టి ఎవరి మిషన్ ఏదో ముందే రాసి పెట్టుకుందాం. అడ్మిన్ అనుమతి ఇస్తే లాగిన్లు చేసే పని సీనియర్లం మేం చూసుకుంటం, ఒక్కొక్కరికి రెండు నిమిషాల పని. మీ హాస్టళ్లలో వేరే లాగిన్లు ఇచ్చి ఉంటే ఎట్లా ఒప్పించారో కింద రాయండి. సోమవారం మళ్లీ సార్ దగ్గరికి పోతున్నాం.