వై-ఫై ‘దొరకలేదు’ అనుట: ఒక అభావ విచారణ



చక్కగా పనిచేస్తున్న యంత్రాన్ని పరీక్షల ముంగిట కదిలించినవానికి ఏ శిక్ష విధించినా తక్కువే. ఆ నేరం నేను 2025 మే నెల చివరి వారంలో చేశాను. ఎవ్వరూ చేయమనలేదు. ఎండలు మండిపోతున్నవి, మధ్యాహ్నం నిద్ర పట్టలేదు, డెబియన్ 11 పాతదైపోయినది కదా, 12వ కూర్పు వచ్చి రెండేళ్ళు కావస్తున్నది కదా అన్న ఆలోచన పుట్టింది. అంతే.

సందర్భం కొంత చెప్పాలి. 2025 ఏప్రిల్ 20న మన రాష్ట్రంలో 16,347 ఉపాధ్యాయ ఉద్యోగాలకు మెగా డీఎస్సీ ప్రకటన వెలువడింది. జూన్ 6 నుండి పరీక్షలు. ఏళ్ళ తరబడి ఈ ప్రకటన కోసం కళ్ళు కాయలు కాచేట్లు ఎదురుచూచిన వారిలో నా పూర్వ విద్యార్థులు కొందరున్నారు. గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, అర్ధవీడు వైపు వారు. అందరూ ముప్పయి దాటినవారే. కొందరికి పిల్లలు, కొందరికి ప్రైవేటు బడులలో చాలీచాలని జీతాలు. మార్కాపురం రోజూ వచ్చిపోవడం కుదిరే పని కాదు. అందుచేత సాయంత్రం ఏడు గంటలకు అంతర్జాలంలో కలుసుకొని ఛందస్సు, వ్యాకరణం చెప్పుకొనే ఏర్పాటు చేసుకొన్నాము. రుసుము లేదు. నా వయస్సు అరవై ఆరు. ఫోను తెరపై గణవిభజన చేసి చూపే చూపు నాకు లేదు. కనుక నా పాఠమంతా ఈ పాత ల్యాప్‌టాపు మీదనే. దానికి తీగ తగిలించే రంధ్రం మూడేళ్ళ క్రితం పిడుగు పడిన రాత్రి పోయింది. మిగిలినది వై-ఫై ఒక్కటే.

నవీకరణ మూడు గంటలు నడిచింది. తెర వెలిగింది. కొత్త రంగులు, కొత్త గోడ చిత్రం, తెలుగు అక్షరాలు మునుపటికంటె ముచ్చటగా ఉన్నవి. వై-ఫై గుర్తు మాత్రం లేదు. అమరికలలోకి వెళ్ళి చూస్తే వై-ఫై అడాప్టరు దొరకలేదన్న అర్థం వచ్చే ఒక వాక్యం. సమయం ఆరు గంటల పది నిమిషాలు.

ఫోనులో వెదికాను. సలహాలు కుప్పలు తెప్పలు. ఈ ఆజ్ఞ వేయండి, ఆ ఫైలులో ఈ పంక్తి మార్చండి, విద్యుత్తు పొదుపు ఆపండి, పునఃప్రారంభించండి. ఎందుకు అని మాత్రం ఒక్కరూ చెప్పరు. ఒక మహానుభావుడు నెట్‌వర్క్ మేనేజరును సమూలంగా తొలగించి మళ్ళీ వేసుకోమన్నాడు. తొలగించడానికి నెట్టు అక్కరలేదు. మళ్ళీ వేసుకోవడానికి కావాలి. ఆ సంగతి నాకు స్ఫురించేటప్పటికి ఆజ్ఞ టైపు చేయడం కూడా అయినది. ఎంటర్ మీట మీద వేలు ఆగింది. కులదైవం చెన్నకేశవుని దయ అనుకొంటాను.

ఏడు కావస్తుండగా గిద్దలూరు నుండి మా అమ్మాయి ఒకామె (విద్యార్థినియే, నాకు అందరూ అమ్మాయిలే) ఫోను చేసింది. సంగతి చెప్పాను. “సార్, మీ ఫోనుకు ఛార్జింగు తీగ ఉంది కదా, దాన్ని ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ అని ఉంటుంది, అది నొక్కండి” అన్నది. నొక్కాను. నెట్టు వచ్చింది! కంప్యూటరు దృష్టిలో ఆ ఫోను తీగ గల నెట్‌వర్కు పరికరం మాత్రమే. నిస్తంత్రీ కార్డుతో దానికి నిమిత్తం లేదు. సీసపద్యం మొదలుపెట్టాము. ఆరు ఇంద్ర గణాలు, రెండు సూర్య గణాలు, పాదం రెండు సగాలు, యతి ఎక్కడ, ప్రాసయతి ఎక్కడ చెల్లుతుంది అని చెప్పి, కింద వచ్చే ఎత్తుగీతిలో అడుగుపెట్టామో లేదో ఫోనులో ఆనాటి డేటా అయిపోయింది. తేటగీతి అర్ధరాత్రి దాకా ఆగవలసి వచ్చింది, అనగా మరునాటికి వాయిదా పడింది.

ఆ రాత్రి ఆజ్ఞలు వేయడం మానేసి ఆలోచించడం మొదలుపెట్టాను.

ఉభయ భాషాప్రవీణ చదివే రోజులలో మాకు తర్కసంగ్రహం పాఠం ఉండేది. మన తెలుగువాడైన అన్నంభట్టు రచన. అందులో ‘లేకపోవుట’ అనేది నాలుగు విధాలని చెప్పారు. పుట్టక ముందు లేకపోవుట ప్రాగభావం. ఉండి నశించుట ప్రధ్వంసాభావం. ఏ కాలంలోనూ లేకపోవుట అత్యంతాభావం. ఇది అది కాదు అనుట అన్యోన్యాభావం. పరీక్ష కోసం వల్లెవేసిన ఈ నాలుగు మాటలు నలభై ఏళ్ళ తరువాత ఒక వై-ఫై కార్డు ముందు అక్కరకు వస్తాయని అనుకోలేదు. నా వై-ఫై లేదు. సరే, ఏ విధంగా లేదు?

పొద్దున్నే టెర్మినల్ తెరిచాను. నల్లని తెరపై తెల్లని అక్షరాలు; పలకల ఊరివాడినికి అదేమీ కొత్త కాదు. యంత్రంలోని పరికరాల జాబితా ఇమ్మని ఎల్‌ఎస్‌పీసీఐ ఆజ్ఞ వేస్తే కార్డు పేరు, సంఖ్యతో సహా నిక్షేపంగా కనబడింది. కనుక ‘దొరకలేదు’ అన్న మాట అసత్యం. అత్యంతాభావం కాదు, కార్డు కాలిపోయిన ప్రధ్వంసాభావమూ కాదు. అదే ఆజ్ఞకు ‘కె’ అన్న సూచిక చేర్చి వేస్తే ఏ పరికరాన్ని ఏ డ్రైవరు నడుపుతున్నదో చూపుతుంది. మిగిలిన అన్నింటి కింద ఆ పంక్తి ఉన్నది. దీని కింద లేదు. రేడియోను ఎవరైనా ఆపి ఉంచారేమోనని ఆర్‌ఎఫ్-కిల్ అడిగాను; బ్లూటూత్ పేరు మాత్రమే చెప్పింది. ఆపి ఉంచడానికైనా నడిపేవాడు ఒకడు ఉండాలి కదా.

కంభం చెరువు ఎరిగినవారికి దీనిని సుళువుగా చెప్పవచ్చును. చెరువు నిండా గుండ్లకమ్మ నీరున్నది. తూము చెక్కుచెదరలేదు. తూము తలుపు ఎత్తవలసిన లస్కరు పనిలోకి రాలేదు. పొలం గట్టున నిలబడి కాలువలో నీరు రాలేదని చూచి, “తూము దొరకలేదు” అని ఎవరైనా అంటారా?

లస్కరు ఎందుకు రాలేదన్నది తేల్చిన పరీక్ష చాలా చిన్నది. యంత్రం వెలిగేటప్పుడు కనబడే గ్రబ్ పట్టికలో రెండవ పంక్తి ఒకటి ఉంటుంది. దానిలోకి వెళితే పాత కెర్నెళ్ళ పేర్లు ఉంటాయి. డెబియన్ 11 నాటి 5.10 ఇంకా అక్కడే ఉన్నది, కొత్తది 6.1. పాతదానిని ఎంచుకొని వెలిగించాను. వై-ఫై వచ్చింది! ఇంటి పేరు, ఇరుగుపొరుగు ఇళ్ళ పేర్లు అన్నీ వరుసగా. అదే కార్డు, అదే డెబియన్, కెర్నెలు ఒక్కటే వేరు. ఇక సందేహం లేదు.

దీని వెనుక ఉన్న న్యాయం ఇది. లినక్సు కెర్నెలులోనే భాగమైన డ్రైవర్లు కెర్నెలుతో పాటు మారుతూ వస్తాయి, ఇల్లు మారినప్పుడు ఇంటివారందరూ కదిలినట్లు. కెర్నెలు లోపలి పద్ధతులను స్థిరంగా ఉంచబోమని దాని నిర్మాతలు బుద్ధిపూర్వకంగానే నిర్ణయించుకొన్నారు. అందుచేత వెలుపల ఉన్న డ్రైవరును ప్రతి కొత్త కెర్నెలుకూ కొత్తగా కూర్చుకొనవలెను. నా కార్డును తయారుచేసినవారు (పేరు అనవసరం) దాని డ్రైవరును పూర్తిగా తెరిచి ఇవ్వలేదు. కనుక అది వెలుపలి డ్రైవరు. కూర్చే పనిని దానంతట అది జరిగేట్లు చేసే సాధనం డీకేఎంఎస్. 2003లో డెల్ వారు దీనిని రూపొందించారు. ఎంత మంచి సాధనమైనా, ఆ కెర్నెలు తాలూకు హెడర్లు యంత్రంలో లేకపోతే అది చేయగలిగినది లేదు. నేను రెండేళ్ళ క్రితం హెడర్లు వేసుకొన్నప్పుడు ఆనాటి కెర్నెలు సంఖ్యకు సరిపోయినవి మాత్రమే వేసుకొన్నాను. కెర్నెలు మారినప్పుడల్లా తగినవి తెచ్చే ‘లినక్స్-హెడర్స్-ఏఎండీ64’ అన్న సాధారణ ప్యాకేజీని వేసుకోలేదు. ఆ రెండేళ్ళూ యంత్రాన్ని కదిలించలేదు కనుక లోపం బయటపడలేదు. తప్పు నాది.

కనుక 6.1 కెర్నెలుకు నా డ్రైవరు నశించలేదు. ఇంకా పుట్టలేదు. ప్రాగభావం! తార్కికులు ప్రాగభావానికి ఆది లేదంటారు గాని అంతం ఉన్నదంటారు. వస్తువు పుట్టగానే అది పోతుంది. పాత కెర్నెలులోనే ఉండి, వచ్చిన నెట్టుతో ఆ ప్యాకేజీ దించుకొన్నాను. డీకేఎంఎస్ తనంతట తాను కొత్త కెర్నెలుకు మాడ్యూలు కూర్చుకొన్నది. పునఃప్రారంభం. ప్రాగభావం నివృత్తమైనది. సాయంత్రం ఏడు గంటలకు తేటగీతి.

ఇంతవరకు కథ. నేను చెప్పదలచినది దీని తరువాతిది.

మనమందరమూ ఆ రోజులలో ఎంత శ్రమపడ్డామో మీకు తెలియనిది కాదు. లేఖినిలో గుణింతాలు కూర్చుకొంటూ, పోతన ఖతి వేసుకొంటే గాని వత్తులు కుదురుగా కనబడని తెరలపై రాశాము. అంతర్జాలమా, అంతర్వలయా అని రోజుల తరబడి వాదించుకొన్నాము. టపా అన్న మాటను బతికించాము. స్వేచ్ఛ వారు తెలుగు గ్నూ/లినక్సును తెచ్చారు. డెబియన్ స్థాపనలోనే తెలుగును ఎంచుకొనే వీలు కలిగింది. దీనినంతటినీ తక్కువ చేయను. దాని ఫలం నేను నిత్యం తింటున్నాను. కాని ఆ సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు ఒక సంగతి బోధపడింది. యంత్రం నడుస్తున్నంతసేపు నాకు తెలుగు సరిపోయింది. అది ఆగిన క్షణాన తెలుగు నా చేయి వదిలేసింది. మనం పట్టికలను, మీటలను అనువదించాము. చెడిపోవడాన్ని అనువదించలేదు. పెళ్ళికి మాత్రమే కట్టే పట్టుచీర వంటి తెలుగు అది. పొలం పనికి రాదు.

ఒక మిత్రుడు ఫోనులో ఈ మాటకు అభ్యంతరం చెప్పాడు. దోష వాక్యం ఆంగ్లంలో ఉంటేనే వెదికి పరిష్కారం పట్టుకోగలము, తెలుగు చేస్తే ఎక్కడ వెదుకుతావు అన్నాడు. ఇందులో నిజమున్నది. కెర్నెలు సందేశాలను ఏ భాషలోకీ మార్చరు, మార్చనవసరమూ లేదు. ఆ ఆంగ్ల వాక్యాన్ని అట్లే ఉంచి పక్కన తెలుగులో వివరిస్తే మేలు. నా బాధ భాష ఆంగ్లమా తెలుగా అన్నదానికంటె, ఉన్న మాట విభాగం లేని మాట అన్నదే. ‘దొరకలేదు’ అన్న ఒక్క క్రియతో అయిదారు వేరు వేరు స్థితులను చెబుతున్నారు. ఆంగ్ల మూలం అట్లే ఉన్నదంటారా? ఉండవచ్చును. మూలంలో అస్పష్టత ఉంటే దానిని కూడా భక్తితో అనువదించవలెనా? ఆ అమ్మాయికి టెథరింగు తెలుసు గాని, డ్రైవరు లేకపోవడానికీ కార్డు లేకపోవడానికీ తేడా ఎవ్వరూ ఆమెకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు, నాకే తెలియదు కనుక. ఆమె ల్యాప్‌టాపుకు ఇదే జరిగితే దుకాణంవాడు “కార్డు పోయింది” అని కొత్తది అంటగట్టేవాడు. వాడి మాటకూ తెరపై మాటకూ చక్కగా పొత్తు కుదిరేది.

అందుచేత నా ప్రతిపాదన. మనలో ఇంకా రాస్తున్నవారు తమ యంత్రం చెడిపోయినప్పుడు ఆ వృత్తాంతాన్ని తెలుగులో రాయాలి. ఆజ్ఞ ఒక్కటే కాదు, కారణం కూడా. ఏమి చూచి ఏమి కాదని తేల్చుకొన్నారో ఆ క్రమం రాయాలి. పొరపాటు దారిలో పోతే అదీ రాయాలి. 2025 ఆగస్టు 9న డెబియన్ 13 విడుదలైన తరువాత నేను మళ్ళీ నవీకరించాను. ఈసారి ముందుగా హెడర్ల ప్యాకేజీ ఉన్నదో లేదో చూచుకొని, విడుదల సూచనలు ఆంగ్లంలోనే ఓపికగా చదువుకొని, మరీ ముఖ్యంగా ఏ పరీక్షలూ లేని వారంలో. వై-ఫై రెప్పపాటు కూడా పోలేదు. ఆ సూచనలలోని ఒక్క విషయం చెబుతాను. డెబియన్ 12 నుండి ఫర్మ్‌వేరు ప్యాకేజీలను ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అన్న వేరే విభాగంలో ఉంచారు. పాత యంత్రాన్ని నవీకరించేవారు ఆ పేరును సోర్సెస్ ఫైలులో స్వయంగా చేర్చుకొనవలసి ఉంటుంది. చేర్చకపోతే పాత ఫర్మ్‌వేరే మిగిలిపోయి, కొన్ని కార్డులలో మరొక రకం ‘దొరకలేదు’ ఎదురుకావచ్చును.

వాక్యాల సంగతి. నేను రాసుకొన్నవి ఇవి, సవరించండి: “యంత్రంలో నిస్తంత్రీ కార్డు కనబడుట లేదు.” “కార్డు ఉన్నది. దానిని నడిపే మాడ్యూలు ఈ కెర్నెలుకు ఇంకా తయారు కాలేదు.” “మాడ్యూలు ఉన్నది. దానికి కావలసిన ఫర్మ్‌వేరు ఫైలు లేదు.” “అన్నీ ఉన్నవి. రేడియో ఆపి ఉన్నది.” “రేడియో నడుస్తున్నది; సంకేతపదం కుదరలేదు.” ఇందులో ‘ఇంకా’ అన్న చిన్న మాటను ఎవరూ తీసివేయవద్దని మనవి, ప్రాగభావమంతా దానిలోనే ఉన్నది. ఫర్మ్‌వేరుకు తెలుగు మాట కావాలా, ఆ మాటనే వాడుకొందామా అన్నది నాకింకా తేలలేదు. సంస్కృత సమాసం ఒకటి కట్టి చూచాను గాని, మా గిద్దలూరు అమ్మాయి విని నవ్వింది.