రాళ్లు మన పొలిమేరలో, సదస్సు సముద్రాల అవతల

అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో కలమజూ అనే ఊరుంది. జనాభాలో మన మదనపల్లెకంటే చిన్నది. యూరప్ మధ్యయుగం నాటి కోట గానీ, చర్చి గానీ అక్కడ ఒక్కటీ లేదు. అయినా వెస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయం 1962లో అక్కడ మధ్యయుగ అధ్యయనాల సదస్సు మొదలుపెట్టింది. ఇప్పుడు ఏటా మే నెల వచ్చిందంటే వేలమంది పరిశోధకులు ఆ ఊరికి చేరుకుంటారు, విద్యార్థుల హాస్టల్ గదుల్లో సర్దుకుంటారు, ఆ సదస్సు రోజుల్లో మధ్యయుగం తప్ప మరో మాట మాట్లాడరు. ఒక్క రాయీ లేని ఊరు ఇంత పని చేసింది. రాళ్లన్నీ మన దగ్గరే ఉన్నాయి. వాటిని చదివే పిల్లలే లేరు.

తంబళ్లపల్లె, ములకలచెరువు, పెద్దతిప్పసముద్రం, బి.కొత్తకోట, కురబలకోట, పెద్దమండ్యం. ఈ మండలాల పేర్లు వింటే మనకు టమాటా, కరువు, వలస గుర్తొస్తాయి. శాసన పరిశోధకుడికి మాత్రం ఒకప్పటి రేనాడు గుర్తొస్తుంది. నన్నయకు దాదాపు ఐదు వందల ఏళ్ల ముందే, 575 ప్రాంతంలో, కలమళ్లలో తెలుగు వాక్యాన్ని రాతికెక్కించిన రేనాటి చోళుల చరిత్రలో మదనపల్లె పక్కనున్న చిప్పిలి పేరు వస్తుంది. ఆ తర్వాత వచ్చిన వైదుంబుల కథంతా ఈ మెట్ట నేలమీదే నడిచింది. వైదుంబులు, బాణులు, నొళంబులు, గంగులు సోరెమతి దగ్గర తలపడ్డ యుద్ధం ఏ కావ్యంలోనూ లేదు. ఆ యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల జ్ఞాపకంగా నిలిపిన వీరగల్లుల మీద ఉంది. రాజుల పేర్లే కాదు, మామూలు బంట్ల పేర్లు కూడా మిగిలిన చరిత్ర ఇది. ఇలాంటిది చాలా దేశాలకు లేదు.

ములకలచెరువు మండలంలోని సోంపల్లె చెన్నకేశవస్వామి గుడికి ఒక్కసారి వెళ్లి రండి. గుడి ముందు ఏకశిలా స్తంభం, తల వెనక్కి వాల్చితే గానీ కొన కనిపించనంత ఎత్తు. లోపల కల్యాణమండపం, కప్పుమీద విజయనగర కాలపు వర్ణచిత్రాలు. లేపాక్షి చిత్రాల గురించి రాసే పండితులు సోంపల్లెను కూడా తలుస్తారు. లేపాక్షికి బస్సులు కట్టుకుని వెళ్లే మన కాలేజీ పిల్లలకు మాత్రం సోంపల్లె ఎటు ఉందో తెలియదు. రంగులు ఏటికేడు వెలిసిపోతున్నాయి.

వీరగల్లును దగ్గరగా చూశారా? కత్తి ఎత్తిన మనిషి, పైన అతణ్ణి స్వర్గానికి తీసుకెళ్తున్న అప్సరసలు, పక్కన నాలుగైదు వరుసల రాత. ఊరివాళ్లు పసుపు పూస్తారు, నూనె పోస్తారు, పండగకు సున్నం వేస్తారు. ఆ భక్తే రాయిని ఇన్నాళ్లు కాపాడింది కాబట్టి దాన్ని తప్పు పట్టను. అక్షరాలు తేలాలంటే ముందు ఊరి పెద్దల అనుమతి తీసుకోవాలి, తర్వాత నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో ఓపికగా కడగాలి. తడిపిన కాగితాన్ని రాతిమీద పరిచి, అక్షరం గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టాలి. పైన సిరా అద్దితే నల్లటి నేలమీద తెల్లగా అక్షరాలు పైకి వస్తాయి. తర్వాతి తెలుగులో కనుమరుగైన ‘ఴ’ కళ్లముందు నిలిచిన క్షణాన ఏ విద్యార్థికైనా ఒళ్లు జలదరిస్తుంది. ఆ క్షణాన్ని మన పిల్లలకు చూపించే కోర్సు ఎక్కడుంది?

ఈమధ్య ఒక పరిశోధక విద్యార్థి నా దగ్గరికి ఫైలు పట్టుకుని వచ్చాడు. నిండా సెమినార్ సర్టిఫికెట్లు. ప్రతిదానికీ ఫీజు కట్టాడు. కొన్నిచోట్ల పేపరు చదివింది ఐదు నిమిషాలు, వింది తర్వాత చదవాల్సిన నలుగురు. ‘రాయి పక్కన కూర్చుని ఒక్క శాసనమైనా చదివావా?’ అని అడిగితే తల దించుకున్నాడు. తప్పు అతనిది కాదు. పీహెచ్‌డీ సమర్పించే ముందు వ్యాసం అచ్చు కావాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసినా, కాగితాలు కూడబెట్టే అలవాటు మాత్రం కళాశాలలను వదల్లేదు. సర్టిఫికెట్ల కోసం ఖర్చుపెట్టిన ఆ డబ్బుతో ఆ కుర్రాడు రెండు నెలలు ఊళ్లు తిరిగి ఉండేవాడు.

అవకాశాలు లేవని అనను. 1935లో పుట్టిన భారత చరిత్ర కాంగ్రెస్‌లో మధ్యయుగానికి ప్రత్యేక విభాగమే ఉంది. ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్ ఉంది. పరిశోధక వేతనాలు, గ్రాంట్లు ఇచ్చే భారత చారిత్రక పరిశోధనా మండలికి బెంగళూరులోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. మదనపల్లెలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. ఇంగ్లండులోని లీడ్స్‌లో 1994 నుంచి ఏటా జులైలో జరిగే మధ్యయుగ సదస్సుకు ఇప్పుడు ఇంటి నుంచి కూడా హాజరు కావచ్చు. విద్యార్థులకు ఆర్థిక సాయమూ ఇస్తారు. వాళ్ల లెక్కలో మధ్యయుగం 300 నుంచి 1500 దాకా. మనం ‘ప్రాచీన చరిత్ర’ అని పక్కనపెట్టే రేనాటి చోళులు, వైదుంబులు ఆ లెక్కలో నిక్షేపంగా ఇముడుతారు. లీడ్స్ 2021లో వాతావరణాన్ని, 2022లో సరిహద్దులను ముఖ్యాంశాలుగా తీసుకుంది. కరువు, చెరువు, మూడు భాషల సరిహద్దు గురించి మనకంటే బాగా చెప్పగలవాళ్లు ఎవరు?

టెక్సస్‌లో చరిత్ర చెప్పిన సింథియా టాల్బట్ కాకతీయుల కాలపు తెలుగు శాసనాలను వందల సంఖ్యలో చదివి, మధ్యయుగ ఆంధ్ర సమాజం మీద 2001లో పుస్తకం తెచ్చారు. గుడులకు దానాలిచ్చిన రైతులు, వర్తకులు, స్త్రీలు, పశువుల కాపరులు అందులో కనిపిస్తారు. తెలుగు తల్లిభాష కాని మనిషి అంత పని చేయగలిగారు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, పెళ్లిళ్లలో తమిళం వినే కుప్పం, పుంగనూరు పిల్లలకు దారి ఇంకా సులువు. బి.ఎల్.రైస్ 1905లో అచ్చువేయించిన కోలారు శాసనాల సంపుటిని మన సరిహద్దు రాళ్ల పక్కన పెట్టుకుని చదివితే సగం థీసిస్ అక్కడే దొరుకుతుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911 దాకా కడప జిల్లాలో ఉండేవి. చిత్తూరు పేరుతో మాత్రమే వెతికేవాళ్లకు పాత రికార్డులు దొరకవు. మెకంజీ సేకరించిన కైఫీయత్తుల, అంటే ఊళ్ల చరిత్ర రాతల కోసం కడప బ్రౌన్ గ్రంథాలయం మెట్లు ఎక్కాల్సిందే.

ఇక అడగాల్సినవాళ్లను అడగాలి. పొరుగు రాష్ట్రాల సహకారంతో 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టింది సరిగ్గా ఇలాంటి పనికే. అది ఏటా వేసవిలో మూడు వారాల శాసన పఠన శిబిరం నడపాలి. మొదటి వారం లిపి, మిగతా రెండు వారాలు ఊళ్లలో. తెలుగు, కన్నడ, తమిళ విద్యార్థులు ఒకే రాయి ముందు కూర్చోవాలి. శిబిరం చివర మదనపల్లెలో రెండు రోజుల సదస్సు. ఠాగూరు 1919లో వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చుకున్న ఊరికి పరిశోధకులను పిలవడం కొత్త కాదు. ఫీజు వద్దు, సర్టిఫికెట్ కూడా వద్దు. పేపరు చదివేవాళ్లు తాము స్వయంగా చూసిన శాసనం నకలు చేతపట్టుకుని రావాలన్న ఒక్క నియమం చాలు. ఇందుకయ్యే ఖర్చు శాసన సేకరణకు జీపు అద్దె, కాగితం, సిరా, అన్నం.

లీడ్స్‌కు విడి పేపర్ల ప్రతిపాదనలు ఏటా ఆగస్టు చివరికల్లా చేరాలి. వేసవిలో పెద్దతిప్పసముద్రం రాళ్ల దగ్గర మొదలుపెట్టిన విద్యార్థికి అప్పటికి మూడు నెలలు చేతిలో ఉంటాయి. నాలుగైదు వరుసల రాతను చదివి, ఎవరి కోసం ఎవరు చనిపోయారో తేల్చుకోవడానికి ఆ మూడు నెలలు సరిపోతాయి.