ఇంట్లనే ఉన్నది గదా!

బడి మానిన ఆడపిల్ల ఇంట ఉంటే ఆ ఇంటికి జీతంలేని పనిమనిషి దొరికినట్లే! ఈ మాట పరుల ఇండ్ల సంగతిగా చెప్పడం లేదు. మహమ్మద్ నగర్‌లోని మా ఇంటి సంగతే మనవి చేస్తున్నాను.

మా తమ్ముని కూతురు పదో తరగతిలో ఉండగా జబ్బుచేసి నాలుగు నెలలు మంచం పట్టింది. లేచి తిరిగేసరికి పరీక్షలు దాటిపోయాయి. తనకంటె చిన్నవాళ్ల సరసన మళ్లీ కూర్చోనని మొండికెత్తింది. పోనీ, ఇంట్లోనే చదువుకొమ్మన్నాము.

అందుకు మార్గం లేకపోలేదు. మన తెలంగాణకు సార్వత్రిక విద్యాపీఠం ఉన్నది. దేశానికంతటికీ కలిపి 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాల వెలిసింది. 2002 నుంచి దానిని జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ అంటున్నారు. 14 ఏండ్లు నిండితే చాలు, అందులో పదో తరగతికి చేరవచ్చును. తెలుగులోనే రాయవచ్చును. ఒకసారి చేరితే 5 సంవత్సరాలలో 9 పర్యాయాలు పరీక్షకు కూర్చోవచ్చును. పిల్లను అందులో చేర్పించాము. పుస్తకాలు వచ్చాయి. ముచ్చటగా అట్టలు వేసుకున్నది.

నెల గడిచింది. చూద్దును గదా, మొదటి పాఠంలో పెట్టిన నెమలీక అక్కడే ఉన్నది!

"రోజంతా ఇంట్లోనే ఉంటివి గదమ్మా, ఒక్క పాఠమైనా కాలేదేమి?" అని గద్దించాను.

"ఇంట్లనే ఉన్న గాబట్టే అయితలేదు పెద్దనాయినా!" అన్నది తల వంచుకొని.

నాకు నోట మాట రాలేదు. మర్నాడు సెలవు. ఒక మూల కూర్చుని గమనించాను. పాలకు గిన్నె పట్టేది ఆ పిల్లే. తమ్ముణ్ణి బస్సెక్కించేది ఆ పిల్లే. వాకిట్లో వడ్లు ఆరబోస్తే కావలి ఆ పిల్లే. "కాస్త చూడమ్మా, ఇంట్లనే ఉన్నది గదా!" అనని వారు లేరు. ఆ చిట్టాలో రెండు పూటలా నా టీ కూడా ఉన్నది సుమా!

ఇంటి చదువు మనకు కొత్త కాదు. భండారు అచ్చమాంబగారు బడికి పోలేదు. చిన్ననాడే పెండ్లయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె ఇంట ఉండి చదువుకుంటూంటే, తానూ పక్కన కూర్చుని తెలుగూ హిందీ నేర్చుకున్నది. ఆ చదువుతోనే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించింది, 1902లో 'ధనత్రయోదశి' కథ రాసింది. 1905లో చిన్నవయసులోనే కన్నుమూసింది. ఆమె తెలివిని అందరూ మెచ్చుకుంటారు. నేను మాత్రం ఆ పక్కన కూర్చోవడాన్ని తలుచుకుంటాను. ఆ ఇంట ఆమె చదువుకు కొంత వేళ దొరికింది, ఒక తోడు దొరికింది. ఇంట చదివే పిల్లకు కావలసినవి ఆ రెండే.

అందుచేత మా ఇంట కొన్ని కట్టుబాట్లు చేసుకున్నాము. ఉదయం 8 మొదలు 11 వరకు ఆ పిల్ల బడిలో ఉన్నట్లే లెక్క. ఎవరూ పిలవరాదు. ఇంటిపని మానమనలేదు, ఆ మూడు గంటల తరువాత అందరితోపాటు తన వంతు చేస్తుంది. చదివిన పాఠాన్ని రాత్రి నాయనమ్మకు అప్పగించాలి. మా అమ్మకు అక్షరాలు రావు. అర్థమయ్యేదాకా "అదెట్లనే?" అని అడుగుతూనే ఉంటుంది. అంతకంటె గట్టి పరీక్షాధికారిని నేను చూడలేదు! ఆదివారం పాత స్నేహితురాళ్లతో గడపాలి. నాలుగు గోడలమధ్య చదువు వచ్చినా లోకజ్ఞానం రాదు.

భూగోళం మాత్రం గడప దాటించి చెప్పాను. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కట్టమీద నిలబెట్టి, మంజీర పుట్టుక అడిగాను. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక తాకి, మన పొలాలు తడిపి, కందకుర్తి వద్ద గోదావరిలో కలిసేదాకా గుక్కతిప్పుకోకుండా చెప్పింది. పుస్తకంలో నెమలీక కదిలింది!

ఇంట చదివే పిల్లలకు ఒక్క మాట. తొమ్మిది పర్యాయాలున్నాయి గదా అని నిదానిస్తే తొమ్మిదీ దాటిపోతాయి. ఆలస్యం అమృతం విషం. చదవడమొక్కటే చాలదు, జవాబులు గడియారం ముందుంచుకొని రాసి చూడండి. పెద్దలకూ ఒక మాట. పుస్తకాలు కొనిపెట్టడం తేలిక, పిల్లను పిలవకుండా ఉండడం కష్టం. ఆ కష్టమే మనం కట్టవలసిన ఫీజు.

మొన్న ఉదయం 9 గంటలవేళ చుట్టమొకాయన వచ్చాడు. కుర్చీలో కూలబడుతూనే, "పిల్ల ఇంట్లనే ఉన్నది గదా, జర చాయ పెట్టుమను!" అన్నాడు.

లోపలి గదిలో లెక్క చేసుకుంటున్న గొంతు సన్నగా వినిపిస్తూనే ఉన్నది. మా అమ్మ మాత్రం చలించలేదు.

"ఇంట్ల లేదు బిడ్డా, బడికి పోయింది!" అన్నది.

నేనే లేచి పొయ్యి వెలిగించాను.