సార్లు ఎక్కువ, సంగతి తక్కువ

మండల కార్యాలయానికి పనిమీద వెళ్లిన రైతుకు తరచు వినిపించే సమాధానం ఒకటున్నది. "మెయిల్ పెట్టాం, జవాబు రాలేదు." పూర్వం ఇదే మాట "లెటర్ రాశాం, రిప్లై రాలేదు" అన్న రూపంలో వినిపించేది. కాగితం పోయి కంప్యూటరు వచ్చింది. రైతు మాత్రం అదే బెంచీమీద కూర్చుని ఉన్నాడు. ఆ మెయిల్‌లో ఏమి రాశారో, ఎవరిని ఎవరు ఏ రీతిన అడిగారో అతనికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం మాత్రం ఉన్నది. ఒక ఉద్యోగి తోటి ఉద్యోగికి ఎలా రాశాడన్న దానిమీదనే అనేక సందర్భాలలో అతని పాసుపుస్తకం రావడమో, ఆగిపోవడమో ఆధారపడుతున్నది.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ప్రారంభం కావడంతో, ఊరిలోనే కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగులు వచ్చారు. సర్వేయరు, డిజిటల్ అసిస్టెంటు, సంక్షేమ సహాయకుడు, వ్యవసాయ సహాయకుడు - వీరిలో చాలామంది చదువు ముగించుకుని నేరుగా కొలువులో చేరిన యువతీ యువకులు. బడిలో వీరికి సెలవు చీటీ రాయడం నేర్పారు. తోటి ఉద్యోగికి ఉత్తరం ఎలా రాయాలో ఎవరూ నేర్పలేదు. కనుక తప్పంతా వారిదే అనడం న్యాయం కాదు. అయితే ఫలితం అనుభవిస్తున్నది మాత్రం గ్రామస్థులు.

పైవారికి రాసే మెయిల్ సాధారణంగా ఈ తీరున ఉంటున్నది: "గౌరవనీయులైన సార్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా సార్, పై విషయమై తమరు దయయుంచి తగు చర్య గైకొనవలసినదిగా ప్రార్థించుచున్నాను సార్." ఇందులో ముగ్గురు సార్లున్నారు. ఊరి పేరు లేదు, సర్వే నంబరు లేదు, రైతు పేరు లేదు. 'పై విషయమై' అన్నారు గాని, పైన విషయం అనే గడి ఖాళీగానే ఉన్నది. ఇంగ్లీషులో రాసేవారు "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని ముగిస్తారు. చేయవలసినది ఏదో అది చేయమని దాని అర్థం. అది ఏదో చెప్పడానికే కదా ఉత్తరం రాసింది!

కిందివారికో, సాటివారికో రాసేటప్పుడు ఇదే ఉద్యోగి కలం మరో దారి పడుతుంది. "ఆ ఫైలు ఏం చేశావ్?" ఇంతే. నమస్కారం లేదు, పేరు లేదు. ఏ ఫైలు? అడిగినవానికి తెలిసిన 'ఆ' అందుకున్నవానికి తెలియదు. అతని బల్లమీద నలభై ఫైళ్లుంటాయి. మాట పడినందుకు మనసు చివుక్కుమంటుంది. ఆ మంటలో ఫైలు మరో వారం అడుగుకు పోతుంది. మొదటి ఉత్తరంలో మర్యాద మితిమీరింది, రెండవదానిలో మర్యాదే లేదు. రెండింటిలోనూ లేనిది సంగతి.

మన పెద్దలు ఉత్తరాలలో మర్యాదలు తక్కువ చేయలేదు. బ్రహ్మశ్రీ, మహారాజశ్రీ, చిరంజీవి, సౌభాగ్యవతి - ఎవరికి తగిన సంబోధన వారికి రాసేవారు. కాని 'ఉభయకుశలోపరి' అన్న ఒక్క మాటతో క్షేమ సమాచారాలన్నీ పూర్తయ్యేవి. మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాము అని చెప్పినట్లే. ఆ తరువాతి వాక్యంలో ఆవు ఈనిన సంగతో, పెళ్లి ముహూర్తమో, శిస్తు కట్టవలసిన గడువో వచ్చేది. కార్డుమీద చోటు తక్కువ గనుక ఆ పొదుపు వచ్చిందనుకోవచ్చు. కంప్యూటరులో చోటుకు కరువు లేదు. చదివేవాని ఓపికకు ఉన్నది.

సర్కారు పద్ధతులలో సైతం ఈ వివేకం లేకపోలేదు. కేంద్ర సచివాలయ కార్యాలయ విధానంలో సాధారణ లేఖకు 'సర్' అన్న సంబోధన, కింద 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' ఉంటాయి. ఒక అధికారి మరొకరి స్వంత దృష్టికి తేదలచినప్పుడు డి.ఓ. లేఖ రాస్తారు. అందులో పేరుపెట్టి 'డియర్' అని మొదలుపెట్టి, 'యువర్స్ సిన్సియర్లీ' అని ముగిస్తారు. ఇక శాఖల మధ్య నడిచే ఆఫీసు మెమోరాండంలో సంబోధనే ఉండదు, విధేయుడననే ముగింపూ ఉండదు. అంటే సందర్భాన్నిబట్టి మర్యాద హెచ్చుతగ్గులు చేసుకోవచ్చునని దొరతనం వారికి ఎప్పుడో తెలుసు. 2012లో నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ, దేశంలో జరిగే కార్యక్రమాలలో తనను 'హిజ్ ఎక్సలెన్సీ' అనవలసిన పని లేదన్నారు. రాష్ట్రపతికే అక్కరలేని ఆడంబరం మండల స్థాయిలో దేనికో అర్థం కాదు.

తెలుగులో రాసేవారికి మరో చిక్కున్నది. 'పంపు', 'పంపండి', 'పంపగలరు', 'పంపవలసినదిగా కోరడమైనది' - పని ఒకటే, మెట్లు నాలుగు. చివరి మెట్టులో అడిగినవాడే మాయమైపోతాడు. కోరింది ఎవరు? 'కోరడమైనది', అంతే. రేపు జవాబుదారీ వచ్చినప్పుడు ఎవరూ దొరకరు. సాటి ఉద్యోగుల మధ్య 'పంపండి' చాలు. గోదావరి జిల్లాల ఉద్యోగికి మాటమాటకు 'అండి' అలవాటు. సీమలో నువ్వనే పిలుపులోనూ ఆప్యాయత ఉంటుంది. ఎదురుగా మాట్లాడుకున్నప్పుడు ముఖం చూసి ఆ తేడా గ్రహిస్తాము. మెయిల్‌లో ముఖం కనబడదు, గొంతు వినబడదు. అందుచేత అక్షరంలో 'గారు', 'మీరు' ఉండటమే క్షేమం. అది అటెండరుకూ, వయసులో చిన్నదైన మహిళా సహాయకురాలికీ కూడా వర్తించాలి. పైవారికి మూడు సార్లు పెట్టి, కిందివారికి ఒక్క 'గారు' పెట్టలేని చోట ఉన్నది మర్యాద కాదు, భయం.

ఈ సమస్య కార్యాలయాలకే పరిమితం కాదు. మన పల్లెలనుండి హైదరాబాదు, బెంగుళూరు కంపెనీలకు వెళ్లిన పిల్లలకూ ఇదే ఇబ్బంది. అక్కడ అనేక చోట్ల పై అధికారిని సైతం పేరుపెట్టి పిలవడం ఆనవాయితీ. పెద్దవారిని పేరుపెట్టి పిలవరాదని ఇంట్లో నేర్చుకుని వెళ్లిన కుర్రవాడు 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలుపెడితే పక్కవాళ్లు నవ్వుతారు. నవ్వేవారిదే లోకజ్ఞానం లోపం. ఆ కుర్రవాడు సిగ్గుపడవలసింది లేదు. పదిరోజులు పదిమంది రాసేది గమనించి, వారి పద్ధతిలో మొదలుపెట్టి, పని విషయం మాత్రం తన పద్ధతిలో పూర్తిగా రాస్తే సరిపోతుంది.

మెయిల్‌లో 'సి.సి.' అనే గడి గురించి కూడా చెప్పుకోవాలి. టైపు మిషను రోజులలో కార్బన్ కాగితం పెట్టి తీసిన నకలు పేరే అది. సంబంధం ఉన్నవారికి తెలియపరచడానికి అది ఏర్పడింది. నేడు తోటి ఉద్యోగిని పై అధికారి ముందు దోషిగా నిలబెట్టడానికి వాడుతున్న సందర్భాలున్నాయి. ఒకసారి మర్యాదగా అడగకుండానే నకలు పైకి పంపితే, అవతలివాడు పని చేయడం మాని సంజాయిషీ రాయడం మొదలుపెడతాడు. గడువు దాటినప్పుడు మాత్రం పైవారికి నకలు పంపడంలో తప్పు లేదు. ఆ మాట మెయిల్‌లోనే రాసి పంపాలి.

ఈ బాధలన్నీ ఎందుకని కొందరు ఫోనులో చెప్పి, లేదా వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటున్నారు. గ్రామస్థులు జాగ్రత్తపడవలసింది ఇక్కడే. 2005 నాటి సమాచార హక్కు చట్టం 'సమాచారం' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో రికార్డులు, మెమోలు, ఉత్తర్వులతోపాటు ఈ-మెయిళ్లను కూడా పేరుపెట్టి చేర్చింది. మీ దరఖాస్తు గురించి ఏ ఉద్యోగి ఎవరికి ఏ తేదీన మెయిల్ పెట్టారో, నకలు ఇమ్మని అడిగే హక్కు మీకున్నది. సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. ఫోనులో అన్న మాటకు నకలు ఎక్కడ దొరుకుతుంది?

ఇంతకూ మంచి మెయిల్ ఎలా ఉంటుంది? ఉదాహరణకు: "సర్వేయరు గారికి నమస్కారం. మా గ్రామం సర్వే నంబరు 112-2లోని ఎకరం 40 సెంట్ల భూమికి హద్దులు కొలవాలని రైతు ఈ నెల 3న దరఖాస్తు ఇచ్చారు. పక్క పొలంవారికి నోటీసు అందింది. కొలత తేదీని 16వ తేదీలోగా తెలియజేయండి. వీలుకాకపోతే కారణం రాయండి, రైతుకు చెబుతాను." కింద పేరు, హోదా, ఫోను నంబరు. ఇందులో ఒక్క 'గారు', ఒక్క నమస్కారం ఉన్నాయి. ఎవరి గౌరవానికీ భంగం లేదు. రైతుకు చెప్పవలసిన బాధ్యత ఎవరిదో కూడా తేలిపోయింది.

తెలుగు అధికార భాష కావాలని 1966లోనే చట్టం వచ్చింది. ఇట్టి మెయిల్ తెలుగులో రాయడానికి ఆటంకమేమీ లేదు. అయితే పాత అక్షరాల పద్ధతిలో టైపు చేసి పంపితే, ఆ అక్షరాలు లేని కంప్యూటరులో అవి కాకి గీతలుగా కనిపిస్తాయి. యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ తంటా ఉండదు. మన జిల్లా అధికారులు పైన ఉదహరించినటువంటి నమూనా ఒకటి తెలుగులో తయారుచేయించి, ప్రతి కార్యాలయంలో కంప్యూటరు పక్క గోడకు అంటించాలి. మండల సమావేశంలో ఒక పావుగంట దీనికి కేటాయించాలి. విషయం గడి ఖాళీగా, సర్వే నంబరు లేకుండా వచ్చిన మెయిల్‌ను అదేరోజు వెనక్కి పంపి వివరాలు అడిగే అధికారం అందుకున్న ఉద్యోగికి ఇవ్వాలి.