ఒక్క ఓటమితో ఇంటికేనా?

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కబడ్డి తెలియని కుర్రవాడు ఉండడు. దున్నిన చెల్కలోనో, ఎండిన చెరువు అడుగునో గీత గీసి కూత పెట్టని బాల్యం ఈ ప్రాంతంలో అరుదు. బంతి అక్కరలేదు, బ్యాటు అక్కరలేదు, బూట్లు అంతకన్నా అక్కరలేదు. పేదపిల్లలకు ఇంతకంటె తగిన ఆట మరొకటి లేదు. అయినా మన బడిపిల్లలు ఏడాదికి ఎన్ని పోటీలు ఆడుతున్నారని అడిగితే సిగ్గుపడవలసి వస్తుంది.

1954లో ఏర్పడిన పాఠశాల క్రీడా సమాఖ్య పేరిట ఏటా 14, 17, 19 సంవత్సరాలలోపు వారికి పోటీలు జరుగుతున్నాయి. మండలంలో గెలిచినవారు జిల్లాకు, అక్కడ రాణించినవారు రాష్ట్రానికి వెళతారు. వీటివల్ల మేలు లేదనలేము. పల్లె బడి పిల్లవాడు జిల్లా కేంద్రం మైదానం చూసేది వీటి చలవతోనే. అయితే ఇవి చాలామట్టుకు నాకౌట్ పద్ధతిలో సాగుతాయి. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాలనుండి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన జట్టు మొదటి ఆటలో ఓడితే మధ్యాహ్నానికి తిరుగు బస్సు ఎక్కవలసిందే. 16 జట్లు వస్తే 8 జట్ల గతి ఇంతే. సంక్రాంతికి, జాతరలకు యువజన సంఘాలు పెట్టే షీల్డు పోటీల తీరూ ఇదే.

లీగు అనే మాట మనకు కొత్త కాదు. 2014లో ప్రో కబడ్డి లీగు ప్రారంభమైనప్పుడే అందులో తెలుగు టైటాన్స్ జట్టు ఉన్నది. 2017లో జరిగిన తెలంగాణ ప్రీమియర్ కబడ్డి లీగులో నల్లగొండ, గద్వాల పేర్లతో జట్లు ఆడాయి. పేర్లు మన ఊళ్లవే అయినా మన బడిపిల్లల ఆట తీరు మాత్రం మారలేదు. 2022లో ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు తలపెట్టింది. 2023లోనూ, 2024లోనూ ముఖ్యమంత్రి కప్ పోటీలు జరిగాయి. ఇవన్నీ మెచ్చుకోదగినవే. కాని నాలుగు రోజుల సంబరం ఏడాది పొడుగునా సాగే సాధనకు సాటి రాదు.

పుట్టింటి ఆట గదా అన్న ధీమా కూడా పనికిరాదు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డి చేరిననాటినుండి స్వర్ణం మనదే అయింది. 2018లో జకార్తాలో ఇరాన్ చేతిలో మన పురుషులూ ఓడారు, మహిళలూ ఓడారు.

చేయవలసిన పని కష్టమైనది కాదు. పాత నల్లగొండ జిల్లా నేడు నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా ఉన్నది. పాత పాలమూరు నుండి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలు ఏర్పడ్డాయి. మొత్తం ఎనిమిది. జిల్లాకొక బాలుర జట్టు, ఒక బాలికల జట్టు చొప్పున లీగు నడపవచ్చు. నాకౌట్ అయితే ఎనిమిది జట్లకు 7 ఆటలతో సరి. లీగు అయితే 28 ఆటలు, ప్రతి జట్టుకూ 7 ఆటలు. దసరా తరువాత రెండు వారాలకొక ఆదివారం, ఒక్కోసారి ఒక్కో జిల్లా కేంద్రంలో నాలుగేసి ఆటలు పెడితే సంక్రాంతికి ముగుస్తుంది. గద్వాలనుండి భువనగిరికి రావలసిన పిల్లలకు ముందురాత్రి ప్రభుత్వ హాస్టలులో బస కల్పించవచ్చు. కావలసినది బస్సు ఛార్జీ, పూట భోజనం, పి.ఇ.టి.ల సహకారం.

చదువు చెడుతుందని కొందరు తల్లిదండ్రులు అనవచ్చు. అసలు చదువు చెడేది పత్తి ఏరే రోజుల్లో, వలస పోయే రోజుల్లో. వచ్చే ఆదివారం ఆట ఉందన్న ఆశ పిల్లవాణ్ణి బడికి కట్టి ఉంచుతుంది. ఆడపిల్లల విషయంలో ఇది మరీ నిజం.

ఓడినవాడు తన తప్పు దిద్దుకొని మళ్లీ కూతకు వెళ్లినప్పుడే ఆటగాడవుతాడు. ఆ రెండవ అవకాశమే మన పిల్లలకు నేడు కరువైంది. ఎనిమిది జిల్లాల క్రీడాధికారులు, విద్యాశాఖవారు, కబడ్డి సంఘాలవారు ఒకచోట కూర్చొని వచ్చే దసరాలోగా లీగుకు రూపకల్పన చేయడం ఎంతైనా అవసరం.