ఇంజను దించే ముందు

మీ ఇంట్లోనూ పాత మారుతి 800 ఉందా? వినుకొండ నుంచి ఈపూరు వస్తుంటే మా బండి చిన్న ఎత్తుకే రొప్పింది. మెకానిక్ చూసి "ఇంజను దించి బోరు చెయ్యాలమ్మా" అన్నాడు. మావారు అప్పుడే చీటీ పాడేద్దామన్నారు. ముందు కంప్రెషన్ చూద్దామన్నాను నేను.

కుక్కరు గాస్కెట్టు వదులైతే ఆవిరి నిలవదు కదా, ఇంజనులోనూ అంతే. గేజి ఒకటి అరువు తెచ్చుకోండి. బండి కాసేపు నడిపి, చెయ్యి కాలనంత చల్లారాక గేరు న్యూట్రల్లో పెట్టి, హ్యాండుబ్రేకు లాగండి. కాయిల్ వైరు ఊడదీయడం మరవకండి. పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, దగ్గర్లో అగ్గిపుల్ల గీయనివ్వకండి. మూడు ప్లగ్గులూ విప్పి (వైర్లకు గుర్తులు పెట్టుకోండి, నేనొకసారి తారుమారు చేశాను) ఒక రంధ్రంలో గేజి బిగించండి. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఐదారు సెకన్లు సెల్ఫు కొట్టమనండి. మూడింటికీ ఇలాగే చేసి అంకెలు రాసుకోండి. బ్యాటరీ నీరసంగా ఉంటే లెక్క తప్పుతుంది.

మాకు 160, 155, 105 పౌండ్లు వచ్చాయి. మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. తగ్గినదానిలో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ చూశాం. అంకె బాగా పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. మెకానిక్ మాట నిజమే. పెరగకపోతే వాల్వుల్నో, హెడ్ గాస్కెట్టునో అనుమానించాలి. మాకు పెరగలేదు.

ఆ కాగితం ముందు పెడితే మెకానిక్కే ట్యాపెట్లు విప్పి చూశాడు. ఎగ్జాస్టు వాల్వుకి సందే లేదు, పూర్తిగా మూసుకోవడం లేదు. సరిచేశాక 150 చూపించింది. చీటీ పాడలేదు.